పోస్టుల లెక్క, పనిచేసే స్త్రీల లెక్క

(విస్సన్నపేటలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



ఇవ్వాళ నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే మీలో కొందరికి నిద్ర ముంచుకొస్తుందని నాకు తెలుసు. ప్రభుత్వోద్యోగుల గణాంకాలు, వాటిని చూసి ప్రభుత్వం ఎక్కడ ఎంతమందిని పెట్టాలో ఎలా నిర్ణయిస్తుంది అన్నది నా అంశం. గృహహింస గురించో, భూమి హక్కు గురించో మాట్లాడితే బాగుంటుందని శిబిరం నిర్వాహకులు కూడా కొంచెం సందేహిస్తూనే అన్నారు. కాని నిన్న సాయంత్రం ఇక్కడి అంగన్‌వాడీ కార్యకర్తలతో, ఇద్దరు ఏ.ఎన్.ఎం.లతో, ఒక బడి వంటమనిషితో కూర్చున్నప్పుడు వాళ్ళు చెప్పుకున్న బాధలన్నీ చివరికి ఒక పట్టిక దగ్గరికే వచ్చాయి. ఆ పట్టికలో కొందరి పేరు ఉంది, కొందరిది లేదు. అందుకని ఈ విషయమే మాట్లాడదామని గట్టిగా అనుకున్నాను.

ఈ ప్రాంతంలో మామిడితోట పూత మీద కొనే వ్యాపారి ఏం చేస్తాడో మీకు నాకంటే బాగా తెలుసు. 'ఎన్ని చెట్లున్నాయి' అని అడిగి డబ్బు చేతిలో పెట్టడు. కాపుకొచ్చినవి ఎన్ని, ముసలివి ఎన్ని, లేతవి ఎన్ని, రసాలు ఎన్ని, బంగినపల్లి ఎన్ని, కలెక్టరు కాయ ఎన్ని, నీళ్ళ వసతి ఏమిటి, తోట చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుంటాడు. ఉద్యోగుల లెక్కలు తీసేటప్పుడు ప్రభుత్వం చేయవలసింది కూడా ఇదే. ఎందరున్నారు అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. వాళ్ళ వయసెంత, రాబోయే పదేళ్ళలో రిటైరయ్యేదెవరు, ఏ మెట్టు మీద ఎవరున్నారు, ఖాళీలు ఎక్కడ, ఆ ఖాళీల్లో పని ఎవరు చేస్తున్నారు అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఈ తర్వాతి ప్రశ్నల్లోనే స్త్రీలు ఉంటారు.

ముందు ఈ లెక్కలు ఎక్కడుంటాయో చెప్తాను. ప్రతి ఏడాదీ బడ్జెట్ అంచనాలు తయారయ్యేటప్పుడు ఆఫీసుల నుంచి ఒక పట్టిక పైకి వెళ్తుంది. నంబర్ స్టేట్‌మెంట్ అంటారు. ఏ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, జీతపు స్కేలు ఎంత, ఎంత డబ్బు కావాలి అన్నది అందులో ఉంటుంది. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీల చట్టం కింద ప్రతి ప్రభుత్వ ఆఫీసూ మూడు నెలలకొకసారి ఇ.ఆర్.-1 అనే ఫారం నింపి పంపాలనే నియమం ఉండేది. అందులో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు గడులుండేవి. వేతన సవరణ సంఘాలు వేసినప్పుడల్లా శాఖలవారీగా లెక్కలు తీస్తారు. 2018 నుంచి రాష్ట్ర ఖజానా చెల్లింపులు సి.ఎఫ్.ఎం.ఎస్. అనే కంప్యూటర్ వ్యవస్థలోకి మారాయి. అంటే సమాచారం లేక కాదు. ఉన్న సమాచారాన్ని ఏ ప్రశ్నతో చదువుతున్నారన్నదే అసలు విషయం.

చదవకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది. 1983 ఫిబ్రవరిలో, అప్పుడే అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం, ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించింది. నిరుద్యోగులకు ఉద్యోగాలు వస్తాయన్నారు. ఆ నెలాఖరున ఒక్క రోజున 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటికి వెళ్ళారు. సరైన పరిశీలన లేకుండా, తొందరపాటుతో చేశారని ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985 జనవరిలో కోర్టు ప్రభుత్వ నిర్ణయం చెల్లుతుందని చెప్పింది. అయితే ఆ తీర్పు వచ్చేనాటికే, 1984లో, వయసు మళ్ళీ 58కి మారిపోయింది. 2014లో 60 అయింది. 2022లో 62 అయింది. రిటైర్‌మెంట్ ముందుకి జరిగిన ప్రతిసారీ ఆ రెండేళ్ళు ఖాళీలు రావు. ఉన్నవాళ్ళకి అది మేలే, నేను కాదనను. ఆలస్యంగా సర్వీసులోకి వచ్చిన ఒంటరి స్త్రీకి మరీ మేలు. కాని బయట పరీక్షకి చదువుకుంటూ కూర్చున్న ఆడపిల్ల సంగతి ఏమిటి? మనకు మూడోవంతు రిజర్వేషన్ ఉంది కదా అంటాం. ఆ మూడోవంతు నియామకాల్లో మాత్రమే. నియామకాలు సున్నా అయితే సున్నాలో మూడోవంతు ఎంత?

ఈ రిజర్వేషన్ కథ కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన కార్యకర్తల్లో చాలామందికి ఇది ఎప్పుడొచ్చిందో గుర్తులేదు. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం స్త్రీలకు నేరుగా జరిగే నియామకాల్లో 30 శాతం అని జి.ఒ. ఇచ్చింది. దాన్ని సవాలు చేస్తూ వేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995లో పి.బి. విజయకుమార్ కేసులో కోర్టు ఆ నియమాన్ని నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. స్త్రీలు శతాబ్దాలుగా ఆర్థికంగా, సామాజికంగా వెనకబడ్డారు కాబట్టి రాజ్యాంగం 15(3) అధికరణం కింద ఇలాంటి ఏర్పాటు చెయ్యొచ్చని అన్నారు. 1996లో అది 33 1/3 శాతం అయింది. మంచిదే. అయితే ఇది సర్వీసులోకి అడుగుపెట్టే గుమ్మం దగ్గర మాత్రమే పనిచేస్తుంది. ప్రమోషన్లకు వర్తించదు. కాబట్టి 'మొత్తం ఉద్యోగుల్లో స్త్రీలు ఇంత శాతం' అని ఎవరైనా నివేదికలో చూపిస్తే సంతోషించి ఊరుకోకండి. మెట్ల వారీగా విడదీసి చూపించమనండి. టీచర్లనూ, నర్సులనూ, ఏ.ఎన్.ఎం.లనూ పక్కనబెట్టి చూపించమనండి. అప్పుడు ఆ శాతం ఏమవుతుందో వాళ్ళనే చెప్పమనండి.

ఇక నేను ఎక్కువసేపు మాట్లాడదల్చుకున్న విషయానికి వస్తాను. జీతాల బిల్లులో 010 అనే పద్దు ఉంది. మన దగ్గర టీచర్లకీ, పురపాలక ఉద్యోగులకీ ఈ నంబరు తెలియనివాళ్ళుండరు. '010 కింద జీతాలివ్వాలి' అని ధర్నాలు చేసినవాళ్ళు వాళ్ళు. ఆ పద్దులో ఉంటే ప్రభుత్వం దృష్టిలో నీకు పోస్టు ఉన్నట్టు. లేకపోతే నువ్వు ఖర్చు. గౌరవ వేతనం, ప్రోత్సాహకం, కాంట్రాక్టు సేవలు, కంటింజెన్సీ వగైరా మాటలు చాలా ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి గర్భిణుల పేర్లు రాసే స్త్రీ, పసిపిల్లలకు తిండి పెట్టే స్త్రీ, బడిలో అన్నం వండే స్త్రీ, ఆఫీసు ఊడ్చే స్త్రీ, వీళ్ళంతా ఈ రెండో రకంలో ఉన్నారు. ఉద్యోగుల నివేదిక పోస్టుల్ని లెక్కపెడుతుంది గనక వీళ్ళు అందులోకి రారు. నివేదికలో లేనివాళ్ళ కోసం ప్రణాళిక వెయ్యరు. వీళ్ళకి ఎంతమంది అదనంగా కావాలి, ఎవరు ఎప్పుడు రిటైరవుతారు, సెలవు పెడితే బదులెవరు అన్న ప్రశ్నలే పుట్టవు.

ఐ.సి.డి.ఎస్. పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. యాభై ఏళ్ళు దాటింది. యాభై ఏళ్ళు నడిచిన పనిని ఇంకా 'పథకం' అంటున్నారు. 2006 డిసెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలు సివిల్ పోస్టులో ఉన్నవాళ్ళు కారని చెప్పింది. 2013లో 45వ భారత కార్మిక మహాసభ స్కీము కార్యకర్తల్ని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్‌కు చెందిన మణిబెన్ కేసులో అదే సుప్రీంకోర్టు, వీళ్ళకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. అంటే సివిల్ పోస్టు కాదు, కాని వాళ్ళకొచ్చేది వేతనమే. సగం తలుపు తెరుచుకుంది.

మన రాష్ట్రంలో మరో తమాషా జరిగింది. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెలోకి వెళ్ళారు. మీలో కొందరు ఆ శిబిరాల్లో కూర్చున్నారు. 42 రోజులు జరిగింది. 2024 జనవరి మొదటి వారంలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం. ఆ చట్టం పెట్టాలంటే ఆ పని అత్యవసర సేవ అని ప్రభుత్వమే రాసి సంతకం పెట్టాలి. పెట్టింది. ఇక మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఆగిపోతే రాష్ట్రం తట్టుకోలేనంత అత్యవసరమైన సేవ చేసేవాళ్ళు పోస్టుల పట్టికలో ఎందుకు లేరు? ఆ జి.ఒ. కాపీ జాగ్రత్తగా దాచుకోండి. బెదిరించడానికి ఇచ్చిన కాగితమే అయినా అది మనకు పనికొచ్చే సాక్ష్యం.

లెక్కలో పేరు లేకపోతే ఏం పోతుంది అని ఎవరైనా అడిగితే 1994 సంగతి చెప్పండి. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం దినకూలీ నియామకాలు నిషేధిస్తూ చట్టం చేసింది. ఏప్రిల్‌లో 212 నంబరు జి.ఒ. వచ్చింది. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ళు ఎడతెగకుండా పనిచేసినవాళ్ళను, షరతులకు లోబడి, పర్మినెంటు చెయ్యొచ్చన్నారు. పార్ట్‌టైం వాళ్ళకు 1997లో 112 నంబరు జి.ఒ. వచ్చింది. వాళ్ళకు పదేళ్ళు ఉండాలి. ఇక రుజువులు. మస్టరు రోల్సు, జీతాల చిట్టాలు, ఓచర్లు. నా పరిశోధన రోజుల్లో ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, ఒక బడిలో ఇరవై ఏళ్ళు ఊడ్చిన ముసలమ్మను కలిశాను. పార్ట్‌టైం స్వీపరు. ఆమె కాగితాలు చూద్దామని పాత ఓచర్ల కట్ట తీయించాను. నెలనెలా 'శుభ్రత ఖర్చు' అని ఉంది. ఎదురుగా పేరు ఆమె భర్తది. వేలిముద్ర మాత్రం ఆమెది. భర్త ఆ బడిలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. 'ఆయన పేరు రాస్తే మర్యాదగా ఉంటుందని రాశారమ్మా' అంది. పదేళ్ళ రుజువు అడిగినప్పుడు ఆమె చూపించగలిగింది ఆ వేలిముద్రలు. వాటిని ఎవరూ ఒప్పుకోలేదు.

నేను సోషియాలజీలో పితృస్వామ్యం మీద చాలా పుస్తకాలు చదివాను. ఆ ఓచరు కట్ట చూశాక అర్థమైనంత బాగా అవి చదివినప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు పోస్టులున్న స్త్రీల దగ్గరికి వద్దాం. వాళ్ళకు అన్యాయం లేదనుకోకండి. మన రాష్ట్రంలో 2010లో ప్రసూతి సెలవు 120 నుంచి 180 రోజులైంది. 2016లో శిశు సంరక్షణ సెలవు 60 రోజులు వచ్చింది, 2022లో అది 180కి పెరిగింది. ఆశా కార్యకర్తలకు కూడా 180 రోజుల ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ 2025 మార్చిలో ప్రకటించారు. ఇవన్నీ స్త్రీలు పోరాడి సాధించుకున్నవి. కాని సెలవు పెట్టిన ఏ.ఎన్.ఎం. సబ్‌సెంటర్లో పని ఎవరు చేస్తున్నారు? పక్క సబ్‌సెంటర్ ఏ.ఎన్.ఎం. చేస్తోంది. ఆమె కూడా స్త్రీయే. ఇద్దరి మధ్యా మాటలు పెరుగుతాయి. పై అధికారి 'ఆడవాళ్ళను వేస్తే ఇంతే' అంటాడు. ఈ మాట మీరంతా విని ఉంటారు.

తప్పు సెలవులో లేదు. సర్వీసులో ఉన్న స్త్రీలు ఎందరు, వాళ్ళలో ప్రసూతి వయసులో ఉన్నవాళ్ళు ఎందరు అన్నది వ్యక్తిగత వివరాలు అక్కర్లేకుండానే సర్వీసు రిజిస్టర్లలోని పుట్టినతేదీల నుంచి ఉజ్జాయింపుగా తెలుస్తుంది. వందమంది ఉన్న క్యాడర్లో ఏడాదికి సగటున ఎందరు సెలవులో ఉంటారో గత ఐదేళ్ళ లెక్క చూస్తే తెలుస్తుంది. అంతమందిని అదనంగా పెట్టుకోవడాన్ని లీవ్ రిజర్వు అంటారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, కొన్ని క్యాడర్లలో పాత కాలం నుంచీ ఉన్న పద్ధతే. స్త్రీలు ఎక్కువగా పనిచేసే చోట్ల దాన్ని లెక్కకట్టి పెట్టమని అడగాలి. హక్కు జి.ఒ.లో ఇచ్చి, ఆ హక్కు వాడుకుంటే పని ఎలా జరుగుతుందో లెక్క వెయ్యకపోతే, భారం మరో స్త్రీ నెత్తిన పడుతుంది. నా దృష్టిలో ఉద్యోగుల నివేదికల నుంచి మనం ముందుగా రాబట్టవలసిన అంకె ఇదే.

ఎంత జనాభాకు ఎంతమంది అన్న కొలత గురించి కూడా ఒక మాట. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు సుమారు 2,000 జనాభాకు ఒకటి అన్నారు. 2025 జనవరిలో హేతుబద్ధీకరణ పేరుతో జనాభాను బట్టి మూడు తరగతులు చేసి 6, 7, 8 మంది చొప్పున సిబ్బందిని నిర్ణయించారు. జనాభా ఒక కొలతే. అదొక్కటే చాలదు. పక్కనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నేళ్ళుగా మనుషుల్ని తినేస్తోందో మీకు తెలుసు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం అన్న సూత్రానికి ఆ జబ్బు సంగతి తెలియదు. ఇంటింటికీ తిరిగే ఏ.ఎన్.ఎం.కూ, ఆశాకూ తెలుసు. డయాలసిస్‌కు వెళ్ళొచ్చిన మనిషిని ఇంట్లో చూసుకునే భార్యకూ తెలుసు. పని ఎంత ఉందో కొలవకుండా తలలు లెక్కపెడితే ఆ తేడా ఈ ముగ్గురి మీదే పడుతుంది.

సచివాలయాల్లో మహిళా పోలీసు పోస్టు సంగతి కూడా ఇలాంటిదే. సంరక్షణ కార్యదర్శి అని తీసుకుని, 2021లో జి.ఒ. ఇచ్చి పోలీసుశాఖలో చేర్చబోతే హైకోర్టులో కేసులు పడ్డాయి. వేల సంఖ్యలో చదువుకున్న ఆడపిల్లలు. తాము ఏ శాఖ మనుషులో వాళ్ళకే స్పష్టంగా తెలియకుండా ఏళ్ళు గడిచాయి. దీని మీద విడిగా ఒకరోజు కూర్చోవాలి, ఇప్పుడు వదిలేస్తున్నాను.

జిల్లాల విభజన కూడా మనవైపు ఒక చిక్కు తెచ్చింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. అప్పటిదాకా రెండూ కృష్ణా జిల్లాయే. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చాలా కింది పోస్టులు జిల్లా క్యాడర్లు. కాగితం మీద గీసిన గీత ఒక స్త్రీ కాపురానికీ కొలువుకీ మధ్య పడితే బదిలీ ఎంత కష్టమో ఊహించండి. సిబ్బందిని పంచేటప్పుడు పోస్టులు లెక్కపెట్టారు. సంసారాలు లెక్కపెట్టలేదు.

ఇక ఆచరణ. ఇక్కడి నుంచి వెళ్ళగానే మీరు చెయ్యగల పని ఒకటి చెప్తాను. సమాచార హక్కు చట్టం, 2005, నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసూ తన అధికారుల, ఉద్యోగుల జాబితానూ, వాళ్ళకిచ్చే నెలసరి వేతనాన్నీ ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక జాగ్రత్త. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) ను మార్చింది. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పికొట్టడానికి అదొక సాకు. అందుకని పేర్లు అడగకండి, సంఖ్యలు అడగండి. నిజానికి మనకు పేర్లు అక్కర్లేదు కూడా. ఏ స్త్రీ పెళ్ళయిందో, ఏ స్త్రీ విడిపోయిందో పదిమందిలో పెట్టడం మన పని కాదు.

మండలంలో ఒక్క శాఖ ఎంచుకోండి. వైద్యమో, స్త్రీ శిశు సంక్షేమమో, ఏదో ఒకటి. ఒక తెల్లకాగితం మీద గీతలు గీయండి. మంజూరైన పోస్టులు ఎన్ని. వాటిలో స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు. ఖాళీలు ఎన్ని, ఎప్పటి నుంచి. రాబోయే ఐదేళ్ళలో రిటైరయ్యేవాళ్ళు ఎందరు. ఇక్కడ జీతం తీసుకుంటూ డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో పనిచేసేవాళ్ళు ఎందరు. పోస్టు లేకుండా గౌరవ వేతనం మీదో, కాంట్రాక్టు మీదో, అవుట్‌సోర్సింగ్ మీదో పనిచేసేవాళ్ళు ఎందరు, ఏ పద్దు నుంచి ఇస్తున్నారు. ఇవన్నీ ఆఫీసు ఇవ్వగలదు. ఇంకో గడి ఉంది. ఖాళీ అని చూపించిన చోట ఆ పని నిజంగా ఎవరు చేస్తున్నారు? ఈ గడిని ఆఫీసు నింపలేదు. మీరే వెళ్ళి అడిగి నింపాలి.

నిన్న రాత్రి నలుగురం కూర్చుని సరదాగా ఒక ఊరికి ఈ పట్టిక వేసి చూశాం. మొదటి గడులు నింపడానికి ఐదు నిమిషాలు పట్టింది. చివరి గడి దగ్గర గంటన్నర కూర్చున్నాం. 'ఆ పని నేనే చేస్తున్నా' అని ఒకరు, 'కాదు, మా అత్త చేస్తుంది, ఆవిడకి ఏమీ ఇవ్వరు' అని మరొకరు. ఆ కాగితం ఇక్కడే ఉంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఊళ్ళవారీగా కూర్చుని అందరం వేద్దాం. కాగితాలూ, స్కేళ్ళూ వెనక బల్ల మీద పెట్టించాను.